'పడదు' అను మాట: పథ్యమునకొక చరిత్ర

తెలుగువారి నోట 'పడదు' అను మాట ఎంత సులువుగా వచ్చునో అంత బరువైన పని చేయును. "వానికి పాలు పడవు", "ఆ పిల్లకు గోధుమ పడదు", "నూనె తగిలినచో వీని కడుపు నిలువదు" అని ఇంటింట వినుచుందుము. ఏది పడదో ఈ మాట చెప్పును. ఏల పడదో చెప్పదు. ఎంత పడదో చెప్పదు. దానికి బదులు ఏది పడునో అసలే చెప్పదు. అందువలన ఒకసారి పడదనిపించుకొన్న వస్తువు విస్తరినుండి తొలగును. దాని వెంట దానికి చుట్టరికమున్న వస్తువులన్నియు తొలగును. కొన్నాళ్లకు చారును అన్నమును మాత్రమే మిగిలిన విస్తరి ముందు పదునాలుగేండ్ల పిల్లవాడొకడు తల వంచుకొని కూర్చుండును.

లంఘనము పరమౌషధమను లోకోక్తి మనకు కలదు. మూడు దినముల జ్వరమునకు అది చాలవచ్చును. కాని పండ్రెండేండ్లకును పదునెనిమిదేండ్లకును నడుమనున్న వయస్సు వేఱు. పెద్దవాని శరీరము ఉన్నదానిని నిలుపుకొన్న చాలును. ఈ వయస్సువారు ఇంకను లేనిదానిని కట్టుకొనవలెను. ఎముకలు పొడవగును, కండ పెరుగును, రక్తము వృద్ధియగును. భారత వైద్య పరిశోధన మండలియు జాతీయ పోషకాహార సంస్థయు 2020లో ప్రకటించిన ప్రమాణముల ననుసరించి ఈ యీడువారికి దినమునకు ఇంచుమించు 1000 మిల్లీగ్రాముల కాల్షియము కావలెను. కావున జీర్ణరసములలో ఏదో యొకటి కొఱవడిన బాలునకు పథ్యము బాధను తప్పించును గాని, హద్దు మీరినచో ఎదుగుదలను సైతము తప్పించును. ఈ రెంటికిని నడుమ గీత ఎచ్చట గీయవలెనన్నదే ప్రశ్న. ఈ ప్రశ్నకు మనుష్యులు వెదకికొన్న సమాధానముల చరిత్రను చూచినచో ఒక సంగతి తేటపడును: కారణమునకు సరియైన పేరు దొరకినపుడెల్ల పథ్యపు పట్టిక కురుచయైనది.

గుంటూరునుండి పొన్నూరునకు పోవు త్రోవలోని చేబ్రోలు చరిత్రప్రసిద్ధమైన గ్రామము. శాతవాహనరాజైన విజయుని కాలపు సంస్కృత శాసనము ఇచ్చట లభించినది. కాకతీయ గణపతిదేవుని సేనానియు, నృత్తరత్నావళీకర్తయునైన జాయప ఇచ్చట ఆలయమును కట్టించి శాసనము వేయించెను. చతుర్ముఖ బ్రహ్మకు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు కట్టించిన గుడి నేటికిని నిలిచియున్నది. గుడి యున్నచోట దీపముండును. దీపమునకు నేయి, నేతికి మందలు కావలెను. అఖండదీపము కొఱకు గోవులను, గొఱ్ఱెలను దానమిచ్చిన వార్తలు కోస్తాంధ్ర దేవాలయ శాసనములలో తఱచుగా కనబడును. ఆ పాడి సంప్రదాయమునకు నేటి రూపము కూడ ఈ చుట్టుపట్టులనే యున్నది. 1970వ దశకమున ఏర్పడిన సంగం డెయిరీ ఈ మండలములోని వడ్లమూడియందే పనిచేయుచున్నది.

ఇట్టి పాడిసీమలో పెరుగన్నము లేనిదే భోజనము ముగిసినట్లు కాదు. బిడ్డ బక్కచిక్కినచో పాలు పట్టుము అనుట, చదువుకొను పిల్లవానికి పడుకొనబోవుముందు పాలు కాచి ఇచ్చుట తల్లులకు పరిపాటి. అట్టియింట పాలు త్రాగినంతనే కడుపుబ్బి, గుడగుడలాడి, విరేచనములగు పిల్లవాడున్నచో పెద్దలు వింతపడుట సహజము. వాడు గారాబము పోవుచున్నాడని కొందఱు, దిష్టి తగిలినదని కొందఱు అందురు. కాని నిజమేమనగా, దక్షిణ భారతమున బాల్యము గడచిన పిమ్మట పాలలోని చక్కెరను పూర్తిగా జీర్ణించుకొనలేనివారే అధికసంఖ్యాకులు. వారిలో పెక్కుమందికి ఆ సంగతి తెలియనైనను తెలియదు. ఎందుచేత తెలియదో చెప్పుటకు ముందు మన వైద్యుల పాత మాటను వినవలెను.

ఆయుర్వేదము జీర్ణశక్తికి అగ్ని యని పేరు పెట్టినది. అగ్ని సమమనియు, విషమమనియు, తీక్ష్ణమనియు, మందమనియు నాలుగు విధములు. ఈ యగ్నికి ఆశ్రయమై, నాభికి పైభాగమున నుండి, అన్నమును పట్టియుంచి, పక్వమైన పిమ్మట క్రిందికి విడుచు అవయవమును గ్రహణి యనిరి. ఆ యవయవము చెడినచో కలుగు వ్యాధికిని ఆ పేరే వచ్చినది. చరకసంహిత చికిత్సాస్థానమున గ్రహణికొక యధ్యాయమే కలదు. తిన్నది ఒకప్పుడు పక్వముగను, ఒకప్పుడు అపక్వముగను వెడలుట, బలము తగ్గుట, రుచి చెడుట మున్నగు లక్షణములను ప్రాచీనులు జాగ్రత్తగా గుర్తించిరి. ఈ వ్యాధిలో వారు మెచ్చిన ఆహారము తక్రము, అనగా మజ్జిగ. తేలికయైనదనియు, అగ్నిని దీపింపజేయుననియు, మలమును గట్టిపఱచుననియు దానికి గుణములు చెప్పిరి. సంస్కృతమును తెలుగును కలిపి వ్రాసిన బసవరాజీయము వంటి గ్రంథములు చేతబట్టి మన వైద్యులు ఈ విద్యను పల్లెలకు చేర్చిరి. శొంఠియు, వామును, కరివేపాకును చేర్చిన పలుచని మజ్జిగ నేటికిని మన యిండ్ల మొదటి మందు.

ఈ పద్ధతియందు గొప్ప గుణమొకటి, లోపమొకటి ఉన్నవి. రోగిని, వాని ఆహారమును, ఋతువును కలిపి చూచుట గుణము. పలు వేఱు వేఱు వ్యాధులు మందాగ్ని, గ్రహణి అను ఒకటి రెండు పేర్ల క్రింద చేరిపోవుట లోపము. పాలచక్కెర జీర్ణముకానివానికిని, గోధుమ సరిపడనివానికిని, క్లోమరసము ఎండినవానికిని లక్షణములు పైకి దగ్గరగానే కనబడును. కంటికి కనబడని కారణమును చూచుటకు ఆనాడు సాధనములు లేవు. ఈ లోపము మనకొక్కరికే కాదు, ఐరోపావారికిని చిరకాలమున్నదే.

పదునెనిమిదవ, పందొమ్మిదవ శతాబ్దములలో ఉష్ణదేశములకు వచ్చిన ఐరోపావారిలో పలువురు దీర్ఘకాలపు విరేచనములతో, పుండుపడిన నాలుకతో, రక్తహీనతతో క్షీణించిరి. 1759లో విలియం హిల్లరీ అను వైద్యుడు బార్బడోసు ద్వీపమున ఇట్టి వ్యాధిని వర్ణించెను. 1880లో పాట్రిక్ మాన్సన్ చైనా తీరమున తాను చూచిన వ్యాధికి, జావాలోని డచ్చివారు వాడుచున్న మాటను తీసికొని, స్ప్రూ అని పేరు పెట్టెను. దానికి ఆనాటి ఆంగ్లవైద్యులు విధించిన పథ్యము కేవలము పాలు. ఇతరాహారమునంతయు మాన్పి దినమంతయు కొంచెము కొంచెముగా పాలనే పట్టెడివారు. స్ప్రూ సోకిన ప్రేగు పాలచక్కెరను జీర్ణించు శక్తిని గూడ కోల్పోవునని తరువాతి తరమువారు కనుగొనిరి. అనగా కొందఱు రోగులకు సరిగా పడని వస్తువునే ఏకైక ఆహారముగా ఇచ్చుచుండిరన్నమాట. కారణము తెలియని పథ్యము ఎంత నిష్ఠతో పాటింపబడినను గుడ్డిదే యగునని దీనివలన తెలియుచున్నది.

ఈ వ్యాధి కథలో ముఖ్యపాత్ర వహించినవారు తెలుగువారు. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. వారి సోదరులను స్ప్రూ వ్యాధి బలిగొన్నది. వారును ఆ వ్యాధికి లోబడి, సుప్రసిద్ధ ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సవలన కోలుకొనిరి. మదరాసు వైద్యకళాశాలలో పాశ్చాత్యవైద్యము చదివిన యువకుడు ఆయుర్వేదముచే ప్రాణము నిలుపుకొనుటయు, పిమ్మట ఆయుర్వేద కళాశాలయందే శరీర నిర్మాణశాస్త్రము బోధించుటయు గమనింపదగిన సంగతులు. 1920వ దశకము తొలినాళ్లలో వారు అమెరికా చేరి హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశోధన సాగించిరి; 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు మారిరి.

ఇంతలో మఱియొకచోట మఱియొక దారి తెరుచుకొనినది. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణీస్త్రీల తీవ్ర రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారమునందలి ఏదో యొక పదార్థముచే అది నయమగునని 1931లో ప్రకటించెను. ఆ పదార్థమేదో ఆమెకు తెలియదు. 1941లో అమెరికాలోని టెక్సస్ శాస్త్రజ్ఞులు పాలకూరనుండి ఒక పోషకమును వేఱుచేసి, ఆకు అను అర్థము వచ్చు లాటిన్ మాటనుండి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ శాస్త్రజ్ఞులు దానిని 1945లో కృత్రిమముగా తయారుచేసిరి. టామ్ స్పైస్ మొదలగు వైద్యులు దానిని స్ప్రూ రోగులకిచ్చి చూడగా నాలుక మానినది, ఆకలి పుట్టినది, రక్తము వృద్ధియైనది. తన యింట మృత్యువును తెచ్చిన వ్యాధికి మందు తయారుచేయుట సుబ్బారావుగారికి దక్కినది. 1948లో, యాబదిమూడేండ్ల వయస్సున వారు మరణించిరి.

స్ప్రూ కథ అంతటితో ముగియలేదు. 1960వ దశకమున వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలకు చెందిన ఎస్.జె. బేకర్, వి.ఐ. మాథన్ దక్షిణ భారత గ్రామములలో ఈ వ్యాధి అంటువ్యాధివలె వ్యాపించుటను పరిశీలించిరి. ఫోలిక్ ఆమ్లముతోపాటు టెట్రాసైక్లిన్ వంటి మందు ఇచ్చుట చికిత్సలో భాగమైనది. నేడు ఆ వ్యాధి అరుదైనది. అయినను అది నేర్పిన పాఠము అరుదైనది కాదు: రోగి తినునది ఎక్కువగుటచే గాక, తిన్నదానిలో ఒకటి శరీరమునకు చేరకపోవుటచే గూడ క్షీణించుచుండవచ్చును. అప్పుడు తీసివేయుట కాదు, చేర్చుట మందగును.

ఇక అగ్ని యను మాటను విప్పిచూచిన శాస్త్రజ్ఞుల సంగతి. 1833లో ఫ్రాన్సు దేశీయులు పాయెన్, పెర్సో మొలకెత్తిన బార్లీ గింజలనుండి పిండిని చక్కెరగా మార్చు పదార్థమును తీసిరి. 1836లో జర్మను శాస్త్రజ్ఞుడు ష్వాన్ జీర్ణకోశమున మాంసమును కరగించు పెప్సినును కనుగొనెను. ఇట్టివానికి ఎంజైములని పేరు పెట్టినవాడు క్యూన్. 1894లో ఎమిల్ ఫిషర్ ఒక ఉపమానము చెప్పెను: ఎంజైము తాళపుచెవి వంటిది, తనకు తగిన తాళమునే తెరచును. మనవారు ఈ శక్తులను పేరెఱుగకయే వాడుకొనుచుండిరి. మొలకకట్టిన రాగులను ఎండబెట్టి విసరి అంబలి కాచుట, ముదురు మాంసము మెత్తబడుటకు పచ్చి బొప్పాయి ముక్క చేర్చుట ఎంజైముల పనియే.

తాళపుచెవులు పెక్కులైనచో అగ్ని ఒక్కటి కాదు. లాలాజలమునందును క్లోమరసమునందును పిండిని విడగొట్టునవి, మాంసకృత్తులను త్రెంచునవి, క్రొవ్వును కరగించునవి వేఱు వేఱుగ నున్నవి. చిన్నప్రేగు లోపలి పొరయందు పాలచక్కెరకు లాక్టేజు, పంచదారకు సుక్రేజు కావలి కాయుచున్నవి. ఒకటి లేకున్నను మిగిలినవన్నియు చక్కగా ఉండవచ్చును. పుట్టుకతో సుక్రేజు కొఱవడినవానికి పాలు హాయిగా పడును గాని పానకము పడదు. లాక్టేజు తగ్గినవానికి పానకము పడును గాని గ్లాసెడు పాలు పడవు. ఈ యిద్దఱిని మందాగ్ని యను ఒక్క పేరుతో పిలిచి ఒక్క పథ్యము పెట్టినచో ఇద్దఱికిని అన్యాయమే జరుగును. శిశువులలో పాలచక్కెర జీర్ణముకాకుండుటను హోల్జెల్ ప్రభృతులు మాంచెస్టరున 1959లో వర్ణించిరి. సుక్రేజు లోపము మఱుసటి సంవత్సరమున వెలుగులోనికి వచ్చినది.

తరువాత కొలది యేండ్లకే ఒక విశేషము బయటపడినది. 1966లో బాల్టిమోరు వైద్యులు బేలెస్, రోజెన్‌స్వైగ్ తెల్లవారిలో కంటె నల్లవారిలో లాక్టేజు లోపము మిక్కిలి ఎక్కువగా నున్నదని చూపిరి. పిమ్మట ఆసియా ప్రజలలోను అదియే కనబడినది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాల నేడు జాతీయ పోషకాహార సంస్థ. అచ్చటి వినోదినీ రెడ్డి ప్రభృతులు భారతీయులలో లాక్టేజు లోపమును గూర్చి తమ పరిశీలనలను 1972లో ప్రకటించిరి. క్రమముగా తేలినదేమనగా, చనుబాలు మఱచిన పిమ్మట లాక్టేజు తగ్గుటయే మానవజాతిలో పెక్కుమందికి సహజధర్మము. పెద్దయైనను తగ్గకుండుటయే తరువాత వచ్చిన మార్పు. ఆ మార్పునకు కారణమైన జన్యుచిహ్నమును ఫిన్లాండు శాస్త్రజ్ఞులు 2002లో గుర్తించిరి. భారతదేశమున అది ఉత్తర పశ్చిమ ప్రాంతములలో ఎక్కువ, దక్షిణ తూర్పు ప్రాంతములలో తక్కువ. కావున చేబ్రోలు బడిపిల్లవానికి పదమూడవ యేట పాలు పడకపోవుట రోగము కాదు, దోషమంతకంటె కాదు. వాని తాతముత్తాతలిచ్చిన స్వభావము.

మఱి ఈ స్వభావముతోనే వేయేండ్లుగా పాడి ఎట్లు సాగినది? ఇచ్చటనే మజ్జిగ మరల వచ్చుచున్నది. పాలు తోడుకొనునపుడు అందలి సూక్ష్మజీవులు పాలచక్కెరలో కొంత తినివేయును. అంతకంటె చిత్రమైన పని మఱియొకటి కలదు. పెరుగుతోపాటు కడుపులోనికి పోయిన ఆ జీవుల ఎంజైమే ప్రేగులో మిగిలిన చక్కెరను విడగొట్టును. 1984లో అమెరికా వైద్యులు ఈ సంగతిని ప్రయోగముచే చూపిరి. లోపించిన చెవిని పెరుగు తన వెంట తెచ్చుకొనుచున్నదన్నమాట. నేతిలో చక్కెర దాదాపు ఉండదు. పాలను పెరుగు, మజ్జిగ, నేయిగా మార్చి వాడు మన వంటిల్లు లాక్టేజు పేరెఱుగకయే దానికి తగిన ఉపాయము కనిపెట్టినది. పాలు పడనివారిలో పెక్కుమందికి ఆ సంగతి తెలియకపోవుటకు కారణమిదియే. చరకుడు తక్రమును మెచ్చుటకును, 1984 ప్రయోగమునకును నడుమ వైరము లేదు. ఒకరు ఫలమును చూచిరి, ఒకరు కారణమును చూచిరి. కారణము తెలియుటవలన లాభమేమనగా, పాలు పడని పిల్లవానికి పెరుగును గూడ మాన్పనక్కఱలేదని ధైర్యముగా చెప్పగలుగుట. పెక్కుమంది అన్నముతో కలిపి త్రాగినచో ఒక గ్లాసెడు పాలు సైతము ఓర్చుకొందురు.

గోధుమ కథయు ఇట్టిదే. ఐరోపా, అమెరికాలలో కొందఱు పిల్లలు ఎంత తినినను ఎండిపోవుచుండిరి. 1924లో న్యూయార్కు వైద్యుడు సిడ్నీ హాస్ వారికి అరటిపండ్లు ముఖ్యాహారముగా పథ్యము పెట్టెను. పిల్లలు కోలుకొనిరి; అరటిపండునకు మహిమ కలదని లోకము నమ్మినది. నిజమున వారికి మేలు చేసినది తిన్న అరటిపండు కాదు, తినని రొట్టె. 1944-45 శీతకాలమున యుద్ధముచే హాలెండున రొట్టె కఱవైనపుడు ఈ వ్యాధి గల పిల్లలు బాగుపడుటయు, రొట్టె తిరిగి వచ్చినపుడు మరల క్షీణించుటయు పిల్లల వైద్యుడు డికె గమనించెను. గోధుమయే హేతువని తన సిద్ధాంతమును 1950లో ప్రకటించెను. గోధుమలోని గ్లూటెనును జీర్ణించు ఎంజైము లోపించుటయే కారణమని కొంతకాలము తలచిరి. అది శరీర రక్షణశక్తి తన ప్రేగును తానే దెబ్బతీయుట యని తరువాత తేలినది. ఏమైనను పేరు దొరకినంతనే పథ్యము మారినది: అరటిపండ్ల చెఱనుండి పిల్లలు బయటపడి, గోధుమ, బార్లీ, రై అను మూడు ధాన్యములు తప్ప తక్కినవన్నియు తినగలిగిరి. అన్నము, జొన్న, సజ్జ, రాగి తిను మన సీమలో ఈ పథ్యము కష్టము కాదనిపించును. కాని సేమియాపాయసము, బొంబాయిరవ్వ ఉప్మా గోధుమయే. అంగడి ఇంగువలో గోధుమపిండి కలియుట గూడ కద్దు. పులిహోరలో వేసిన చిటికెడు ఇంగువను గూర్చి అడుగు పిల్లను చాదస్తురాలనరాదు.

మూడవ కథ క్లోమమునకు సంబంధించినది; ఇది అన్నిటికంటె కఠినమైనది. 1938లో న్యూయార్కున డొరొతీ ఆండర్సన్ క్లోమము గట్టిపడి జీర్ణరసము రాని పిల్లల వ్యాధిని వర్ణించెను. నేడు దానిని సిస్టిక్ ఫైబ్రోసిస్ అందురు. క్రొవ్వు జీర్ణము కాదు గనుక క్రొవ్వు మాన్పవలెనని చాలకాలము వైద్యులు విధించిరి. పిల్లలు చిక్కి, ఊపిరితిత్తుల జబ్బులకు లోబడి చిన్నతనముననే పోవుచుండిరి. 1970వ దశకమున కెనడాలోని టొరాంటో వైద్యులు ఎదురుదారి పట్టిరి: క్రొవ్వును కడుపునిండ పెట్టి, దానికి కావలసిన ఎంజైములను గుళికలుగా ఇచ్చిరి. టొరాంటో, బోస్టన్ నగరముల రోగులను పోల్చిన పరిశీలన 1988లో వెలువడినది. బోస్టనులో మధ్యస్థ ఆయుష్యము 21 ఏండ్లు కాగా టొరాంటోలో 30 ఏండ్లుగా తేలినది. రెండు ఊళ్ల చికిత్సలలో పెద్ద భేదము భోజనమే. ఎదుగు వయస్సున అనవసరమైన పథ్యము ఎంత ఖరీదైనదో ఇంతకంటె స్పష్టముగా చూపు అంకెలు అరుదు.

దక్షిణ భారతమునకు సొంతమనదగిన క్లోమవ్యాధి మఱియొకటి కలదు. కేరళలో పి.జె. గీవర్గీసు అనేకమంది రోగులను పరిశీలించి దానిని విపులముగా వర్ణించెను: పిల్లతనమున మాటిమాటికి కడుపునొప్పి, క్లోమమున రాళ్లు, యౌవనమున మధుమేహము, తిన్న క్రొవ్వు అట్లే వెడలిపోవుట. కఱ్ఱపెండలము తినుటయే దీనికి కారణమని చిరకాలము అనుమానించిరి. 2002లో హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రపు శాస్త్రజ్ఞులు, ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు కలిసి, క్లోమరసమును అదుపులో నుంచు ఒక జన్యువునందలి మార్పులకును ఈ వ్యాధికిని గట్టి సంబంధమున్నదని చూపిరి. నేడు ఇట్టి యువకునకు భోజనముతో కలిపి ఎంజైము గుళికలిత్తురు. మొదటి ముద్దతో వేసికొనిన గుళిక పనిచేయును. చేయి కడిగిన పిమ్మట వేసికొన్నది అంతగా పనిచేయదు. చిన్న సంగతియే, కాని పంక్తిలో పదిమంది చూచుచుండగా గుళిక వేసికొనుటకు సిగ్గుపడు పదునాఱేండ్లవానికి అది చిన్న సంగతి కాదు.

ఈ వ్యాధులతో బ్రతుకు బాల్యయౌవనముల నడిమివారికి ప్రేగుబాధ సగము. తక్కిన సగము మనుష్యులవలన వచ్చును. వసతిగృహమున వంటవానికి చెప్పుకొనలేరు. పెండ్లివిందులో వడ్డించువారు బలవంతము చేయుదురు. వద్దన్నచో గర్వమందురు, తిని పడకవేసినచో బలహీనుడందురు. ఆడపిల్లయైనచో, రేపు అత్తవారింట ఏమందురో యని ఆ మాటను గుట్టుగా ఉంచుదురు. ఫలితముగా పిల్లలు ఆకలినే పథ్యముగా చేసికొందురు. వైద్యుని సలహా లేకయే ఒక్కొక్క వస్తువు మానుకొనుచు పోవుదురు. గోధుమ మానిన పిమ్మట గోధుమవ్యాధికి రక్తపరీక్ష చేసినచో ఉన్న వ్యాధియు కనబడకపోవచ్చును. కావున పరీక్ష ముందు, పథ్యము తరువాత. పాలచక్కెరకు ఊపిరిలోని హైడ్రోజనును కొలుచు సులభ పరీక్ష కలదు. బరువు తగ్గుట, ఎత్తు పెరుగకుండుట, మలమున రక్తము, రాత్రి నిద్రలేపు నొప్పి ఉన్నచో ఇంటి వైద్యమున కాలము గడపరాదు.

తీసివేసినదానికి బదులు పెట్టుట రెండవ ధర్మము. పాలు మానిన విస్తరిలో పెరుగు నిలువవలెను. అదియును తగ్గినచో రాగిసంకటి రావలెను. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైబడి కాల్షియము కలదు. నువ్వులు, మునగాకు, అవిసియాకు, ముల్లుతో తిను చిన్నచేపలు ఆ లోటు పూడ్చును. ఫోలిక్ ఆమ్లమునకు ఆ పేరు తెచ్చిన ఆకుకూరలు మన పెరళ్లలోనే యున్నవి. ఇవి ఖరీదైన వస్తువులు కావు. వీనిని కొనుటకంటె గుర్తుంచుకొనుటయే కష్టము.

'పడదు' అను మాట చెడ్డది కాదు. శరీరము చెప్పిన సత్యమును అది మొదట అందుకొనును. చరకుని నాటినుండి హైదరాబాదు ప్రయోగశాల వరకు జరిగిన పని అంతయు ఆ మాటను తిరస్కరించుట కాదు, దానిని ప్రశ్నించుట: ఏది, ఎంత, ఏల, దానికి బదులేమి? ఈ నాలుగు ప్రశ్నలు వైద్యునివే కానక్కఱలేదు. తల్లి అడుగవచ్చును, వసతిగృహపు అధికారి అడుగవచ్చును, పంక్తిలో పక్కన కూర్చున్న స్నేహితుడడుగవచ్చును. వానికి సమాధానము దొరకిన కొలది విస్తరిలో వంటకములు పెరుగును. వాని యెదుట కూర్చున్న పిల్లవాడును పెరుగును.